ఊరు విడిచినా.. ఓటు విడవొద్దు!

కరవు సీమలో వలస కొత్త కాదు. పోయినవాళ్లు పండక్కి వస్తారు, జాతరకు వస్తారు, ఓటేయడానికీ వస్తారు. తీరా వచ్చాక జాబితాలో పేరు లేకపోతే? బస్సు ఖర్చు, పోయిన కూలి సంగతి అటుంచితే.. ‘నువ్వు ఈ ఊరివాడివి కాదు’ అన్న మాట మాత్రం గుండెల్లో గుచ్చుకుంటుంది. అలా జరక్కుండా ఉండాలంటే ఏం చేయాలి?

అవ్వ అరుగుమీద కూర్చుని విత్తనానికి శనక్కాయలు ఒలుస్తోంది. చేతిలో కాగితాలతో ఒకాయన వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

‘‘అవ్వా, మీ పెద్దకొడుకు ఉండాడా?’’

‘‘ల్యాడు నాయనా. బెంగళూరుకు పోయినాడు.’’

‘‘మరి కోడలు?’’

‘‘ఆయమ్మి కూడా వానితోనే.’’

‘‘ఎప్పుడొస్తారు?’’

‘‘వాన పడితే వస్తారు. పడకపోతే ఎప్పుడొస్తారో ఎవురికి తెలుసు!’’

అడిగినాయన కాగితంమీద ఏదో రాసుకుని పక్కింటికి వెళ్లిపోయాడు. అవ్వ మళ్లీ కాయలు ఒలవడంలో పడిపోయింది. తాను చెప్పిన ‘ల్యాడు’ అన్న ఒక్క మాటతో కొడుకూ కోడళ్ల ఓట్లు ప్రమాదంలో పడ్డాయని ఆమెకి తెలీదు.

ఇది ఏ ఒక్క ఇంటి ముచ్చటో కాదు. తనకల్లు, నంబులపూలకుంట, గాండ్లపెంట, ముదిగుబ్బ, కంబదూరు.. ఇలా వలసలెక్కువగా ఉండే ఏ మండలానికి వెళ్లినా ఓటర్ల జాబితా పరిశీలన రోజుల్లో ఇలాంటి సంభాషణే వినిపిస్తుంది. అడిగేవారిది తప్పు కాదు, అది వారి ఉద్యోగం. చెప్పేవారిదీ తప్పు కాదు, ఉన్నమాటే చెప్పారు. కానీ ‘పనికోసం వెళ్లాడు’ అన్నదానికీ ‘ఊరు వదిలేశాడు’ అన్నదానికీ ఉన్న తేడా ఆ కాగితంమీద చెరిగిపోతే మాత్రం నష్టపోయేది ఓటరే.

రెండు క్యాలెండర్లు

దేశంలో జైసల్మేర్ తరవాత అంత తక్కువ వర్షం కురిసే జిల్లాగా అనంతపురానికి పేరు. ఏడాది సగటు 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. ఆ కాస్తా నమ్ముకుని జూన్, జులైల్లో వేరుశనగ వేస్తారు. నవంబరు నాటికి కాయ ఇంటికొస్తుంది.. వస్తే! ఆ తరవాత చేతికి పని ఉండదు. మూటాముల్లె సర్దుకుని బెంగళూరు బస్సెక్కడమే. భవనాల పనికి కొందరు, హోటళ్లకు కొందరు, కాపలా ఉద్యోగాలకు ఇంకొందరు. హిందూపురం, మడకశిర వైపు వారికైతే సొంత జిల్లా కేంద్రానికి వెళ్లడంకన్నా బెంగళూరు వెళ్లడమే తేలికనిపిస్తుంది.

ఇక ఎన్నికల క్యాలెండరు చూడండి. మన అసెంబ్లీ ఎన్నికలు 2004లోనూ 2009లోనూ ఏప్రిల్లో జరిగాయి. 2014లో ఇక్కడ పోలింగు మే 7న. 2019లో ఏప్రిల్ 11న. 2024లో మే 13న. అన్నీ ఎండలు మండే రోజులే. అంటే.. పొలంలో పని లేక జనం ఊళ్లో ఉండని రోజులు. వలసజీవి ఊరికి దూరంగా ఉన్నప్పుడే ఊరు ఓటేస్తుందన్నమాట!

అయితే ఈ లెక్కలోనే మనకి పనికొచ్చే సంగతి కూడా ఒకటుంది. ఓటర్ల జాబితా వార్షిక సవరణలో ముసాయిదా సాధారణంగా అక్టోబరు, నవంబరు ప్రాంతంలో వస్తుంది. పేర్లు చేర్చాలన్నా, అభ్యంతరాలు చెప్పాలన్నా ఆ తరవాత కొన్ని వారాలు గడువు ఉంటుంది. తుది జాబితా జనవరిలో ప్రకటిస్తారు. అదే సమయంలో మన దగ్గర శనక్కాయ పీకుతుంటారు. వలస వెళ్లినవారిలో చాలామంది ఊళ్లోనే ఉంటారు. కాయలు కట్టాక ఒక్క గంట తీరిక చేసుకుని జాబితాలో పేరు చూసుకుంటే, వేసవిలో ఎన్నికలొచ్చినా గుండె నిబ్బరంగా ఉండొచ్చు.

చట్టం మన పక్షానే..

‘ఊళ్లో లేనివాడికి ఓటెందుకు?’ అని ఎవరైనా అడిగితే జవాబు 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోనే ఉంది. ఓటరుగా నమోదు కావాలంటే ఆ నియోజకవర్గంలో ‘సాధారణ నివాసి’ అయి ఉండాలి. 20వ సెక్షన్ రెండు సంగతులు చెబుతోంది. ఊళ్లో ఇల్లు ఉన్నంతమాత్రాన సాధారణ నివాసి అయిపోరు. అలాగే, తాత్కాలికంగా ఊరు విడిచి వెళ్లినంతమాత్రాన సాధారణ నివాసి కాకుండానూ పోరు!

కాబట్టి నాలుగు నెలలు కూలికి వెళ్లి వానలకు తిరిగొచ్చే మనిషి ఓటు ఊళ్లోనే ఉంటుంది. భార్యాపిల్లలతో సహా బెంగళూరులో స్థిరపడి, పిల్లల్ని అక్కడే బడిలో వేసి, ఊరికి ఏడాదికోసారి చుట్టపుచూపుగా వచ్చేవారి సంగతి వేరు. వారు ఓటు అక్కడికి మార్చుకోవడమే సబబు. మన వీధి దీపం గురించీ మన కొళాయి నీళ్ల గురించీ అడగాల్సింది మనం ఉన్నచోటి ఎమ్మెల్యేనే కదా.

‘రెండుచోట్లా ఉంటే పోలా’ అనుకునేవారూ ఉన్నారు. వద్దు. ఒకరికి ఒకేచోట ఓటు ఉండాలని 17, 18 సెక్షన్లు స్పష్టంగా చెబుతున్నాయి. ఇంకోచోట ఓటు లేదని అబద్ధపు ప్రకటన ఇస్తే ఏడాది వరకూ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

తీసేయాలంటే.. చెప్పి తీయాలి

‘ఊళ్లో ఉండడం లేదు’ అన్న కారణంతో పేరు తొలగించే ముందు ఆ మనిషికి తన వాదన చెప్పుకునే అవకాశం ఇచ్చి తీరాలి. ఇది 22వ సెక్షన్ ఇచ్చిన హక్కు. మరి ఆచరణలో?

2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో పేర్లు తొలగించమంటూ ‘ఫారం-7’ దరఖాస్తులు లక్షల్లో వచ్చిపడి రాష్ట్రమంతా గగ్గోలైంది. తమ పేరుతో ఎవరో దరఖాస్తు పెట్టారని సాక్షాత్తూ ‘దరఖాస్తుదారులే’ పోలీసు స్టేషన్లకు వెళ్లారు. ఆ తరవాత మన ఉరవకొండ వంతు. అక్కడ నిబంధనలు పాటించకుండా ఓట్లు తొలగించారని ఎమ్మెల్యే పయ్యావుల కేశవ్ ఫిర్యాదు చేయడంతో కేంద్ర ఎన్నికల సంఘం విచారణ జరిపించింది. ఓటర్ల నమోదు అధికారులుగా పనిచేసిన ఇద్దరు 2023లో సస్పెండయ్యారు. జాబితా పనిలో విధులు నిర్లక్ష్యం చేసిన సిబ్బందికి మూడు నెలల నుంచి రెండేళ్ల వరకూ జైలుశిక్ష పడొచ్చని 32వ సెక్షన్ చెబుతోంది. పేరు తీసేయడమంటే అంత తేలిక వ్యవహారమేమీ కాదన్నమాట.

వలసలకు మారుపేరైన బీహార్లో 2025లో ప్రత్యేక సమగ్ర సవరణ చేపట్టినప్పుడు ముసాయిదా జాబితా నుంచి దాదాపు 65 లక్షల పేర్లు పోయాయి. చనిపోయారనీ, రెండుచోట్ల ఉన్నారనీ, వేరేచోటికి వెళ్లిపోయారనీ కారణాలు చెప్పారు. ఎవరి పేరు ఎందుకు తీశారో బహిరంగంగా ప్రకటించమని సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. వలస ఉన్న ప్రతిచోటా ఈ బెంగ ఉన్నట్టే.

పేరు అన్యాయంగా తీసేశారనిపిస్తే ఊరుకోవాల్సిన పనిలేదు. నమోదు అధికారి నిర్ణయంమీద 15 రోజుల్లోగా జిల్లా ఎన్నికల అధికారి హోదాలో ఉండే కలెక్టరుకు అప్పీలు చేసుకోవచ్చు. అక్కడా న్యాయం జరగలేదనుకుంటే 30 రోజుల్లోగా రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారి దగ్గరకు వెళ్లవచ్చు. ఈలోగా కొత్తగా ఫారం-6 పెట్టుకోవడానికీ అడ్డేం లేదు.

ఆరు.. ఏడు.. ఎనిమిది!

ఫారాలు చూస్తే భయపడేవారికి చిన్న చిట్కా. ఆరు అంటే చేరిక. ఏడు అంటే తొలగింపు. ఎనిమిది అంటే మార్పు. అంతే.

ఫారం-6: మొదటిసారి ఓటరుగా చేరేవారికి. ఫొటో, పుట్టినతేదీకి ఒక రుజువు, చిరునామాకి ఒక రుజువు ఉంటే చాలు. ఇంట్లో ఇప్పటికే ఓటరుగా ఉన్నవారి కార్డు నంబరు రాస్తే అందరి ఓట్లూ ఒకేచోట పడే అవకాశం ఎక్కువ.

ఫారం-7: పేరు తీసేయమని కోరడానికి, లేదా చేర్చవద్దని అభ్యంతరం చెప్పడానికి. ఇంట్లో పెద్దవాళ్లు కాలం చేసినప్పుడు కుటుంబసభ్యులే ఇది ఇవ్వడం మంచి పద్ధతి.

ఫారం-8: ఇల్లు మారినా, ఊరు మారినా, పేరులో అక్షరం తప్పు పడినా, ఫొటో మార్చాలన్నా, కార్డు పోయినా.. అన్నిటికీ ఇదొక్కటే. పాతరోజుల్లో నియోజకవర్గం మారితే మళ్లీ ఫారం-6 నింపాల్సి వచ్చేది. 2022 ఆగస్టు నుంచి దానికీ ఫారం-8నే వాడుతున్నారు.

వీటిని పోలింగు కేంద్రం పరిధిలోని బూత్ లెవెల్ ఆఫీసరు.. అదే, బీఎల్వోకు ఇవ్వవచ్చు. తహశీల్దారు కార్యాలయంలోనూ ఇవ్వవచ్చు. సెల్‌ఫోన్ చేతిలో ఉన్నవాళ్లు ఎన్నికల సంఘం యాప్‌లోనో, వెబ్‌సైటులోనో నింపవచ్చు. బెంగళూరులో ఉన్న కొడుకు అక్కడినుంచే పని పూర్తిచేసుకోవచ్చన్నమాట. పైసా ఖర్చు లేదు. అనుమానం వస్తే 1950 నంబరుకు ఫోన్ చేయొచ్చు. దరఖాస్తు ఇచ్చాక రసీదు, లేదా రిఫరెన్సు నంబరు మాత్రం మర్చిపోకుండా తీసుకోవాలి. దరఖాస్తు ఎక్కడ ఆగిందో తెలుసుకోవడానికి అదే ఆధారం.

ఇంకో సంగతి. నామినేషన్ల చివరి తేదీ దాటాక జాబితాలో ఒక్క పేరు కూడా చేర్చరు, తీయరు. దరఖాస్తు ఇచ్చాక విచారణకూ అభ్యంతరాలకూ కొన్నిరోజులు పడుతుంది కాబట్టి ఎన్నికల ప్రకటన వచ్చేదాకా ఆగితే ఆలస్యమైనట్టే.

పదిహేడులోనే పెట్టుకోవచ్చు

1989కి ముందు ఓటుహక్కు 21 ఏళ్లకు వచ్చేది. 61వ రాజ్యాంగ సవరణ దాన్ని 18కి తగ్గించింది. అప్పట్లో జనవరి 1 నాటికి 18 నిండితేనే చేర్చుకునేవారు. జనవరి 2న పుట్టిన పిల్లాడు పాపం ఏడాదంతా ఆగాలి! 2022 నుంచి జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1.. ఇలా నాలుగు తేదీలు పెట్టారు. 17 నిండగానే ముందస్తుగా దరఖాస్తు చేసుకోవచ్చు. పద్దెనిమిది నిండాక పేరు చేరుతుంది.

సాధారణంగా అయితే రాష్ట్రంలో తదుపరి అసెంబ్లీ ఎన్నికలు 2029 వేసవిలో రావాలి. 2011 జనవరి 1 నాటికి పుట్టిన పిల్లలంతా అప్పటికి ఓటర్లే. మీ ఇంట్లో హైస్కూల్లో చదివే పిల్లలుంటే ఓసారి లెక్క చూడండి!

కోడలి ఓటు ఎక్కడ?

వలస అనగానే మగవాళ్లే గుర్తొస్తారు. కానీ ప్రతి ఆడపిల్లా పెళ్లితో ఊరు మారుతుంది. ఇక్కడి పిల్లను పావగడకో బాగేపల్లికో ఇస్తారు, అక్కడి పిల్లను ఇక్కడికి చేసుకుంటారు. పుట్టింట్లో ఓటు తీసేస్తారు, అత్తింట్లో చేర్చరు. లేదంటే రెండుచోట్లా ఉంటుంది. రెండూ ఇబ్బందే. పెళ్లయ్యాక రేషన్ కార్డులో పేరు మార్చుకోవడానికి చూపే శ్రద్ధలో సగం పెట్టి ఫారం-8 ఇస్తే సరిపోతుంది.

ఆడవాళ్ల పేర్ల కథ మన మొదటి ఎన్నికలంత పాతది. 1951-52 ఎన్నికల జాబితా తయారుచేసేటప్పుడు ఉత్తరాదిలో ఎంతోమంది స్త్రీలు తమ పేరు చెప్పడానికి ఇష్టపడక ‘ఫలానావారి భార్య’, ‘ఫలానావారి కూతురు’ అని రాయించారట. సొంతపేరు చెబితేనే ఓటని అప్పటి ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ గట్టిగా పట్టుబట్టారు. ఫలితంగా దాదాపు 28 లక్షలమంది మహిళల పేర్లు జాబితాకెక్కలేదు. మీ పేరు మీదే. అది జాబితాలో సరిగ్గా ఉందో లేదో చూసుకోవాల్సిందీ మీరే.

కార్డుంటే చాలదు

చాలామందికి ఉండే అపోహ.. ‘నా దగ్గర ఓటరు కార్డుంది, ఓటు ఉన్నట్టే’ అని. కాదు! కార్డు గుర్తింపు మాత్రమే. ఓటు ఉండేది జాబితాలో. కార్డు లేకున్నా జాబితాలో పేరుంటే ఓటేయొచ్చు. పేరు లేకపోతే కార్డు ఉన్నా వేయలేం.

2024 ఎన్నికల్లో ఓటరు కార్డుకు బదులుగా మరో 12 రకాల గుర్తింపులను అనుమతించారు. ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు, బ్యాంకు లేదా పోస్టాఫీసు ఇచ్చిన ఫొటో ఉన్న పాస్‌బుక్కు, ఫొటో ఉన్న పింఛను పత్రం లాంటివి వాటిలో ఉన్నాయి. ఉపాధి హామీ జాబ్ కార్డు కూడా! వలసలు ఆపడానికని పెట్టిన ఆ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది ఎక్కడో కాదు, మన నార్పల మండలం బండ్లపల్లిలోనే. బీఎల్వో ఇచ్చే ఓటరు స్లిప్పు మాత్రం ఒంటరిగా చెల్లదు. అది బూతు నంబరు తెలుసుకోవడానికే.

లోపలికి వెళ్లాక మొదటి అధికారి పేరు చూస్తారు. రెండో అధికారి సంతకమో వేలిముద్రో తీసుకుని ఎడమచేతి చూపుడువేలికి సిరా పూస్తారు. మైసూరులో తయారయ్యే సిరా అది. తరవాత మీట నొక్కగానే పక్కనున్న వీవీప్యాట్ పెట్టె అద్దంలో గుర్తు ఉన్న కాగితం ఏడు సెకన్లపాటు కనిపిస్తుంది. సరిచూసుకుని బయటికి రావొచ్చు.

మీరు వెళ్లేసరికే మీ ఓటు ఇంకెవరో వేసేశారనుకోండి. గొడవపడి వచ్చేయకండి. మీరెవరో రుజువు చేసుకుని ‘టెండర్ ఓటు’ అడగండి. బ్యాలెట్ కాగితం ఇస్తారు, దాన్ని విడిగా కవర్లో భద్రపరుస్తారు. బస్సు ఆలస్యమై సాయంత్రం చేరుకున్నా కంగారు వద్దు. పోలింగు ముగిసే సమయానికి వరసలో నిలబడి ఉంటే చాలు. వరసలో చివరి మనిషి నుంచి మొదలుపెట్టి అందరికీ చీటీలు ఇస్తారు. చీకటిపడినా ఓటు వేయించే పంపుతారు.

85 ఏళ్లు దాటినవారికీ, 40 శాతం అంతకుమించి వైకల్యం ఉన్నవారికీ ఇంటికొచ్చి ఓటు వేయించే ఏర్పాటుంది. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిన అయిదు రోజుల్లోగా ఫారం-12డి ఇవ్వాలి.

కూలి పోకుండా..

వలస వెళ్లినవారికి అసలు ఇబ్బంది ఇక్కడే. ఓటుకని వస్తే రెండురోజుల కూలి పోతుంది. పోలింగు రోజు వేతనంతో కూడిన సెలవు ఇవ్వాలని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 135-బి సెక్షన్ యజమానుల్ని ఆదేశిస్తోంది. ఇది రోజుకూలీలకూ వర్తిస్తుంది. నియోజకవర్గం బయట పనిచేస్తున్న ఓటర్లకూ ఈ హక్కు ఉందని ఎన్నికల సంఘం ప్రతిసారీ చెబుతూనే ఉంది. మేస్త్రీ కింద పనిచేసే కూలీకి ఆ సెలవు ఎంతవరకూ దక్కుతుందంటే.. అది మనందరికీ తెలిసిన సంగతే. అయినా హక్కు ఉందని తెలిస్తేనే కదా అడిగేది.

ఆ ఖాళీలోకే పార్టీల బస్సులు వస్తాయి. ఎన్నికలప్పుడు బెంగళూరు నుంచి ‘ఉచితంగా’ తీసుకొచ్చే వాహనాలు సరదాకి పెట్టినవి కాదు. పోలింగు కేంద్రాలకు ఓటర్లను అభ్యర్థులు ఉచితంగా తరలించడాన్ని చట్టం అవినీతి చర్యగానే చూస్తుంది. ఓటుకు నోటు ఇచ్చినా, పుచ్చుకున్నా నేరమే.

ఉన్నచోటి నుంచే సొంతూరి ఓటు వేసే యంత్రం గురించి ఎన్నికల సంఘం ఆలోచించకపోలేదు. అలాంటి నమూనా యంత్రాన్ని పార్టీల ముందు పెట్టడానికి 2023 జనవరిలో సమావేశం కూడా పెట్టింది. ఏకాభిప్రాయం కుదరలేదు. కాబట్టి ప్రస్తుతానికి బస్సెక్కక తప్పదు.

ఏడు బస్సుల జనం

‘ఒక్క ఓటుతో ఏమవుతుందిలే’ అనేవారికి మడకశిరే సమాధానం. 2024లో అక్కడ గెలుపోటముల మధ్య తేడా 351 ఓట్లు. ఏడు ఆర్టీసీ బస్సుల్లో పట్టే జనం! రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో 2008లో సి.పి.జోషీ ఒకే ఒక్క ఓటు తేడాతో ఓడిపోయారు. పక్కనే ఉన్న కర్ణాటకలో 2004లో సంతేమరహళ్లిలోనూ అదే కథ.

ఈ కరవు నేల ఓటు విలువ ఎప్పుడో చూపించింది. 1952 ఎన్నికల్లో జైల్లో ఉంటూనే పోటీచేసిన తరిమెల నాగిరెడ్డిని అనంతపురం ఓటర్లు గెలిపించారు. ఓడిపోయింది నీలం సంజీవరెడ్డి. నాలుగేళ్లకే ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి, తరవాతి కాలంలో రాష్ట్రపతి అయిన మనిషి! అంతటివారినైనా ఓడించగల, గెలిపించగల శక్తి పొలం గట్టుమీద నిలబడ్డ మనిషికి ఉందన్నమాట.

వాన మన చేతుల్లో లేదు. వలసా పూర్తిగా మన చేతుల్లో లేదు. జాబితాలో పేరు మాత్రం మన చేతుల్లోనే ఉంది. ఈసారి వాకిట్లోకి కాగితాలతో ఎవరైనా వస్తే ఏం చెప్పాలో అవ్వకు ముందే నేర్పి వెళ్లండి.

‘‘అవ్వా, మీ పెద్దకొడుకు ఉండాడా?’’

‘‘పనికి పోయినాడు నాయనా. వాని ఇల్లు ఈడే, వాని చేను ఈడే. వాడు వస్తాడు. పేరు మాత్రం తీయొద్దు!’’